సోమవారం ఆగే మోటారు

జహీరాబాదు
జ్యేష్ఠ బహుళ పంచమి, 1940

సదాశివకు,

మీ అక్క పార్వతమ్మ బాగుంది, నేను బాగున్నాను, చేనులో అల్లం మొలకలు బాగున్నాయి. బాగాలేనిది మొన్న ఎండాకాలంలో నువ్వు దగ్గరుండి కొనిపించిన పాత మోటారు ఒక్కటే. అందుకే ఈ ఉత్తరం. నా అక్షరాలు చూసి నవ్వకు. నలభై ఏళ్ళు వచ్చాక బెల్లం బస్తాల మీది గుర్తులు చదవడానికి నేర్చుకున్నాను. అందుకని కాగితం మీద కూడా బస్తా మీద రాసినంత లావుగానే వస్తాయి.

నువ్వు మోటారు కంపెనీ కార్ఖానాలో రైటర్‌వి కాబట్టి ఇవి రాసుకో. ఎడమ వైపు వెనక తలుపును మోకాలితో పొడిస్తే తప్ప పడదు. కుడికి తిప్పితే హారన్ దానంతటదే మేకలాగా అరుస్తుంది. మొన్న మొగుడంపల్లి దారిలో నిజం మేకలు నాలుగు మా వెంట పడి వచ్చాయి. వానలో అద్దం తుడిచే పుల్ల సగం దాకా పోయి ఏదో మరిచిపోయినట్టు నిలబడుతుంది. వీటికి నేను అలవాటు పడ్డాను. నాకూ మోకాళ్ళ నొప్పి ఉంది, ఎవరికి చెప్పుకున్నాను?

అలవాటు పడలేనిది ఒకటి ఉంది. ప్రతి సోమవారం మేమిద్దరం ఝరాసంగం గుడికి పోతాం కదా. పొద్దున్నే కారు కడిగి, ఎద్దులకు చేసినట్టే దానికీ చేయవలసింది చేసి బయలుదేరతాం. ఐదు మైళ్ళు పోగానే దగ్గుతుంది, రెండుసార్లు గుంజుతుంది, ఆగిపోతుంది. యాకూబ్ దిగి ముందు చూస్తాడు, వెనక చూస్తాడు, అప్పుడు మళ్ళీ నడుస్తుంది. వచ్చేటప్పుడు మళ్ళీ అదే తంతు. మంగళవారం ఒకసారి ఆగుతుంది. శుక్రవారం నాటికి ఏ రోగమూ ఉండదు.

యాకూబ్ మన జబ్బార్ కొడుకు. తండ్రి పోయేదాకా నా బెల్లం బండ్లు తోలాడు, కొడుకు ఆరేళ్ళ నుంచి నా దగ్గర ముందు బెల్లం లారీ, ఇప్పుడు ఈ కారు తోలుతున్నాడు. పనిమంతుడే. కాని అతనికీ అంతు చిక్కడం లేదట.

అంగట్లో మహాదేవప్ప ఏమంటున్నాడో విను. "సిద్దప్పా, నీ మోటారుకు దేవుడంటే గిట్టది. బజారుకు పొమ్మంటే పోతది, గుడికి పొమ్మంటే కూసుంటది." అతనికి రెండు జతల ఎద్దులున్నాయి, అందుకని నోరు లేస్తోంది. దీనికి మందు వెంటనే రాయి.

సిద్దప్ప


సికింద్రాబాదు
1 జులై 1940

పూజ్యులైన బావగారికి,

మీ ఉత్తరాన్ని మా మేనేజరు మదన్‌మోహన్ గారికి చదివి వినిపించాను. మేకల సంగతి రెండోసారి చదవమన్నారు. మీ కారు మీద ఆయనకు అభిమానం కలిగింది. కారును యాకూబ్‌తో పంపించండి, నాలుగు రోజుల్లో సర్వీసు చేసి పంపుతాం.

మా పద్ధతి మీకు తెలియాలి. ఏ కారైనా గేటు దగ్గరికి రాగానే నీళ్ళ గొట్టంతో పైనుంచి కింది దాకా కడుగుతారు. ఆ తర్వాతే మిస్త్రీ చెయ్యి వేస్తాడు. బురదలో రోగం కనపడదని మా పెద్ద మిస్త్రీ అంటాడు. తలుపు, హారన్, అద్దం పుల్ల అన్నీ చూస్తాం. ఆగిపోయే జబ్బు సంగతి ఆయనే స్వయంగా చూస్తానన్నాడు.

అక్కకు నా నమస్కారాలు. మోకాళ్ళకు ఆముదం కాచి రాసుకోండి.

సదాశివ


జహీరాబాదు
ఆషాఢ బహుళ విదియ

సదాశివకు,

కారు శుక్రవారం వచ్చింది. తళతళలాడుతూ పెళ్ళికొడుకులా వచ్చింది. తలుపు వేలితో తోస్తే పడుతోంది. అద్దం పుల్ల ఆ చివరి దాకా పోతోంది. హారన్ మాత్రం మేకే. శనివారం చిరాగ్‌పల్లి పోయి వచ్చాను, ఆదివారం బీదరు పోయి వచ్చాను. ఎక్కడా ఆగలేదు. మీ కంపెనీని నలుగురిలో మెచ్చుకున్నాను.

సోమవారం ఝరాసంగం దారిలో అదే ఐదో మైలు దగ్గర ఆగింది.

మీ అక్క కారులోంచి దిగలేదు. "నేను ఈడనే దండం పెట్టుకుంట, దేవుడే ఎదురొస్తడు" అంది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఇక అసలు మాట రాస్తాను. నీలో నువ్వే చదువుకో. కారు ఆగిన ప్రతిసారీ యాకూబ్ ముందు బానెట్టు ఊరికే ఎత్తి దించుతాడు. తర్వాత వెనక్కి పోయి, నాకు వీపు పెట్టి, పెట్రోలు మూత తీసి మళ్ళీ పెడతాడు. కారు నడుస్తుంది. ఏం చేస్తున్నావురా అంటే, "పెట్రోల్ ఉన్నదా లేదా చూస్తున్న కాకా" అంటాడు. ఐదు మైళ్ళకోసారి చూడడానికి పెట్రోలు ఎక్కడికి పోతుంది? నా ముఖం వంక చూడకుండా చెబుతాడు.

మహాదేవప్పతో అంటే, "ఆగేది మోటారు కాదు, ఆపేది డ్రైవరు. యుద్ధమొచ్చినంక పెట్రోల్ ఎంత పిరమో ఎరుక లేదా? ముందు మోటారు ఆగుతదని నీకు అలవాటు చేస్తడు, తర్వాత మెల్లగ తీస్తడు" అన్నాడు. మహాదేవప్ప మాట నేను ఎన్నడూ పట్టించుకోను. ఇది మాత్రం చెవిలోంచి పోవడం లేదు.

సిద్దప్ప


సికింద్రాబాదు
30 జులై 1940

పూజ్యులైన బావగారికి,

మీ ఉత్తరం చూసి మనసు బాగాలేదు. కారు ఇక్కడున్నప్పుడు పెద్ద మిస్త్రీ స్వయంగా తోలుకుని మేడ్చల్ దాటి పోయి వచ్చాడు. నలభై మైళ్ళు. ఒక్కసారి కూడా ఆగలేదు. ఇంజనులో ఏ లోపమూ లేదని ఒట్టు పెట్టి చెబుతున్నాడు.

మాకు నడిచిన కారు మీకు సోమవారమే ఎందుకు ఆగుతుందో తెలియాలంటే ఒకటే దారి. సోమవారం లేచింది మొదలు కారుకు మీరు ఏమేం చేస్తారో ఒక్కటీ వదలకుండా రాయండి. చిన్న విషయమని దాచకండి.

యాకూబ్‌ను తొందరపడి ఒక మాట అనకండి. ఇక్కడున్న నాలుగు రోజులూ అతను కారు పక్కనే పడుకున్నాడు. మా వాళ్ళు సుత్తి గట్టిగా వేస్తే అతని ముఖం చిన్నబోయేది.

సదాశివ


జహీరాబాదు
శ్రావణ శుద్ధ ఏకాదశి

కంపెనీ వారి సదాశివకు,

నా ఇంట్లో సోమవారం నేను ఏం చేస్తానో కంపెనీకి ఎందుకు? నా స్నానం సంగతి కూడా రాయమంటావా? కారు బాగుచేయడం చేతకాక నా పూజలో తప్పు వెతుకుతున్నారా? నువ్వు చదువుకున్నవాడివి కాబట్టి చెబుతున్నావు, నేను చదువుకోలేదు కాబట్టి వినను.

యాకూబ్‌ను తీసేశాను. మొదటి శ్రావణ సోమవారం, గుడికి జనం బండ్లు కట్టుకుని పోతుంటే, నా కారు దారి మధ్యలో ఆగింది. అతను మళ్ళీ వెనక్కి పోయి మూత మీద చెయ్యి వేశాడు. తిరిగి వచ్చాక బజారులో, బెల్లం అంగడి ముందర, పదిమంది వినేటట్టు దొంగ అన్నాను. అతను, "కాకా, నేను పెట్రోల్ తీస్తలేను" అన్నాడు. "మరి ఏం చేస్తున్నవ్?" అని అడిగాను. తల దించుకున్నాడు. జవాబు లేనివాడు దొంగ కాక ఏమవుతాడు? తాళంచెవి అంగడి గద్దె మీద పెట్టి వెళ్ళిపోయాడు.

సాయంత్రం వాళ్ళ అమ్మ గౌహర్ బేగం వచ్చింది. లోపలికి రాలేదు. గడప దగ్గరే నిలబడి, "అన్నా, నా కొడుకును కొట్టు, తిట్టు, పనిలకెళ్ళి తీసెయ్. దొంగ అని మాత్రం అనకు. జబ్బార్ నీ బండ్ల మీద ముప్పై ఏండ్లు కూసున్నడు. ఒక్క బెల్లం గడ్డ ఇంటికి తెచ్చిండా?" అంది. మీ అక్క ఆనాటి నుంచి నాతో మాట్లాడడం లేదు.

జగ్గయ్య అని కొత్త డ్రైవరును పెట్టాను. పెట్రోలుకు నేనే కాపలా ఏర్పాటు చేశాను. మూతకు గుడ్డ చుట్టి, సుతిలితో కట్టి, లక్క కరిగించి పోసి, బెల్లం బస్తాలకు వేసే నా ఉంగరం ముద్ర వేశాను. ఇక ఎవడు తీస్తాడో చూస్తాను.

సిద్దప్ప


సికింద్రాబాదు
22 ఆగస్టు 1940

శ్రీ సిద్దప్ప గారికి,

యాకూబ్ ఇక్కడికి వచ్చాడు. కార్ఖానాలో పని అడిగాడు. అతని చెయ్యి మంచిదని పెద్ద మిస్త్రీకి తెలుసు కాబట్టి మేనేజరు గారు సరేనన్నారు. అయితే ఇదివరకు పని చేయించుకున్న యజమాని నడవడి గురించి రాసిస్తే తప్ప కంపెనీ ఎవరినీ తీసుకోదు. అది మా నియమం. ఆ కాగితం మీరే రాయాలి. దొంగ అని రాస్తే సికింద్రాబాదులో ఏ కార్ఖానా గేటూ అతనికి తెరుచుకోదు. ఇది గుర్తుపెట్టుకుని రాయండి.

మీ మీద ఒక్క మాట కూడా అతను చెడుగా అనలేదు. ఎందుకు పని మానావని మేనేజరు గారు అడిగితే, "పటేల్ సాబ్‌కు కోపమొచ్చింది" అన్నాడు. అంతే. ఇదివరకు మిమ్మల్ని కాకా అనేవాడు.

మీరు రాయకపోతే ఆ సంగతైనా ఒక కార్డు ముక్క మీద తెలపండి.

సదాశివ


జహీరాబాదు
శ్రావణ బహుళ దశమి

సదాశివకు,

నడవడి కాగితం ఇంకా రాయలేదు. మూడుసార్లు కూర్చున్నాను, కలం కదలలేదు. అతను దొంగ అని రాయడానికీ కదలలేదు, కాదు అని రాయడానికీ కదలలేదు. దానికి కారణం నిన్నటి సోమవారం.

నిన్న శ్రావణమాసం చివరి సోమవారం. ముద్ర వేశాక కారు బయటికి తీయడం అదే మొదలు. కడిగి, చేయవలసింది చేసి బయలుదేరాం. జగ్గయ్య తోలుతున్నాడు. ఈసారి మూడో మైలులోనే దగ్గడం మొదలుపెట్టింది. ఆగింది. జగ్గయ్య బానెట్టు ఎత్తాడు, తీగలు పీకాడు, ఊదాడు, తుడిచాడు. నడవలేదు. "పెట్రోల్ మూత తీసి చూస్త పటేలా" అన్నాడు. ముద్ర తీయవద్దన్నాను. ఎండ నెత్తి మీదికి వచ్చేదాకా అక్కడే కూర్చున్నాం. గుడికి పోయే ప్రతి బండీ మా పక్కన ఆగి, పలకరించి, పోయింది. పలకరింపు ఎంత బరువో నాకు నిన్న తెలిసింది.

చివరికి వచ్చింది ఎవరనుకున్నావు? మహాదేవప్ప. ఎద్దులు విప్పి, నా కారుకు మోకు కట్టి, జహీరాబాదు దాకా లాగించాడు. నేను స్టీరింగు ముందర కూర్చున్నాను. బజారులోకి రాగానే, "సిద్దప్పా, జర హారన్ కొట్టు, ఎడ్లకు తొవ్వ దొరకాలె" అన్నాడు. మలుపు దగ్గర కుడికి తిప్పాను. నేను కొట్టకుండానే హారన్ అరిచింది. బజారంతా నవ్వింది.

ఇంటికి వచ్చాక మీ అక్క ఇన్నాళ్ళకు నోరు తెరిచి ఒకే మాట అంది. "యాకూబ్ ఉన్నప్పుడు ఆగుతుండె. కని మల్ల నడుస్తుండె."

నిజమే కదా. పెట్రోలు మీద ముద్ర అట్లాగే ఉంది, ఒక్క చుక్క పోలేదు. దొంగ ఊళ్ళోనే లేడు. అయినా కారు ఆగింది. మరి అతను ఆ మూత దగ్గర ఏం చేసేవాడు? నువ్వు అడిగి తెలుసుకో. నేను అడిగానని చెప్పకు.

సిద్దప్ప


సికింద్రాబాదు
3 సెప్టెంబరు 1940

బావగారికి,

అడిగాను. మొదట చెప్పలేదు. పెద్ద మిస్త్రీ, నేను అతన్ని మధ్యలో కూర్చోబెట్టుకుని చాయ్ తాగించాం. రెండో గ్లాసు దగ్గర నన్ను ఎదురు ఒక ప్రశ్న అడిగాడు. "సాబ్, దేవుని విభూతి మీద మావోళ్ళ చెయ్యి పడితే పూజ చెడిపోతదా?"

విభూతి ఎక్కడ అని అడిగాను. పెట్రోలు మూత మీద అన్నాడు.

పెద్ద మిస్త్రీ గ్లాసు కింద పెట్టి, లేచి వెళ్ళి, వేరే కారు మూత ఒకటి తెచ్చి నాకు చూపించాడు. మూత నడుమ ఆవగింజంత రంధ్రం ఉంది. టాంకీలోంచి పెట్రోలు ఇంజనుకు పోయిన కొద్దీ ఆ రంధ్రంలోంచి గాలి లోపలికి రావాలి. గాలి రాకపోతే పెట్రోలు కదలదు. మీకు ఎట్లా చెప్పాలి? నూనె డబ్బాకు ఒక్కటే రంధ్రం పొడిస్తే నూనె గుటకలు మింగుతూ వచ్చి నిలిచిపోతుంది. రెండోది పొడిస్తే ధారగా పడుతుంది. మూత మీదిది ఆ రెండో రంధ్రం.

మీరు సోమవారం తడి విభూతి పెడుతున్నారు. అది ఆరి గట్టిపడుతుంది. ఐదు మైళ్ళలో ఊపిరి ఆడక ఇంజను ఆగుతుంది. యాకూబ్ మూత తీస్తే గాలి లోపలికి పోతుంది, కారు నడుస్తుంది. వారం గడిచేసరికి గతుకులకు విభూతి పగిలి రాలి, రంధ్రం తెరుచుకుంటుంది. ఇక్కడికి వస్తే గేటు దగ్గరే మా వాళ్ళు కడిగేస్తారు, రోగం మాకు ఎన్నడూ కనపడదు. మా నియమమే మా కళ్ళు కప్పింది. గుడ్డ, లక్క వేశాక మూడో మైలులోనే ఎందుకు ఆగిందో మీకు ఇప్పుడు అర్థమై ఉంటుంది.

అతనికి ఇది కారు కొన్నాక రెండో సోమవారమే తెలిసిందట. మరి ఎందుకు చెప్పలేదని అడిగాను. "పటేల్ సాబ్‌కే ఎరుక" అన్నాడు.

సదాశివ


జహీరాబాదు
భాద్రపద శుద్ధ నవమి

తమ్ముడు సదాశివకు,

నీ ఉత్తరం చదవగానే ముందు కోపం వచ్చింది. విభూతి పెడితే కారు ఆగుతుందని రాయడానికి నీకు చెయ్యి ఎట్లా వచ్చిందనుకున్నాను. కాగితం నలిపేశాను. తర్వాత మళ్ళీ సాపు చేసుకుని చదివాను. నూనె డబ్బా సంగతి నాకు తెలియదా, ఎన్ని డబ్బాలకు రంధ్రాలు పొడిచాను.

కారు దగ్గరికి పోయి లక్క పగలగొట్టి, సుతిలి కోసి, మూత తిప్పాను. తిప్పగానే అది నీళ్ళలో మునిగి తేలిన మనిషిలా ఊపిరి గుంజుకుంది.

మూత తడిగుడ్డతో నేనే తుడిచాను. గుడ్డ కింద రాలక గట్టిపడిన విభూతి. కింద రంధ్రం ఉంది. జగ్గయ్యను తీసుకుని ఝరాసంగం పోయి వచ్చాను. ఆగలేదు. మంగళవారం, బుధవారం పోయి వచ్చాను. ఆగలేదు. గుడి పూజారి, రోజూ ఎందుకు వస్తున్నావని అడిగాడు.

ఆ మూత మీదనే ఎందుకు పెట్టానంటావా? ఎద్దుకు నొసట పెడతాం. మోటారుకు నొసలు ఏది? ఎక్కడ తాగుతుందో అదే ముఖం అనుకున్నాను.

యాకూబ్ ఎందుకు చెప్పలేదో నాకే ఎరుక అన్నాడు కదా. నిజమే, నాకే ఎరుక. ఇది నీకు ఇంతవరకు రాయలేదు. రెండో సోమవారం కారు ఆగినప్పుడు అతను గోరుతో ఆ విభూతి గీకబోయాడు. నేను చూశాను. "దేవుని దాని మీద చెయ్యేస్తవా, ఇంకోసారి ముట్టినవంటే ఊరుకోను" అని జనం ముందర కసిరాను. ఆనాటి నుంచి అతను విభూతిని ముట్టుకోకుండా, మూతను అంచులు పట్టుకుని తీసేవాడు. నాకు వీపు పెట్టి తీసింది నేను మళ్ళీ కసురుతానని. నేనే నోరు మూయించి, నోరు తెరవలేదని దొంగ అన్నాను.

నిన్న పొద్దున అంగడి ముందర, ఆ మాట ఎక్కడ అన్నానో అక్కడే నిలబడి, అప్పుడున్న వాళ్ళను పిలిచి చెప్పాను. మహాదేవప్పను ఇంటి నుంచి పిలిపించాను. "యాకూబ్ దొంగ కాదు. తప్పు నాది, నా చేతి విభూతిది" అన్నాను. మహాదేవప్ప ఏదో అనబోయాడు. నా ముఖం చూసి, "నా ఎడ్లు జర దినాలు పండుకుంటయ్ ఇగ" అని ఊరుకున్నాడు.

తర్వాత గౌహర్ బేగం ఇంటికి పోయాను. ఆమె కూర్చోమనలేదు. నిలబడే చెప్పాను, మొత్తం. విని నా చెప్పుల వంక చూసింది. "చాయ్ తాగుతవా అన్నా" అంది. తాగాను. బెల్లం చాయ్.

నడవడి కాగితం ఇందులో పెట్టాను. అందులో ఇట్లా రాశాను: జబ్బార్ కొడుకు యాకూబ్ నా దగ్గర ఆరేళ్ళు మోటారు తోలాడు. దొంగ కాడు. దొంగ అన్నవాణ్ణి నేను, ఆ మాట తప్పు. కారుకు ఎక్కడ నొప్పి ఉందో నాకంటే, కంపెనీ కంటే ముందు తెలుసుకున్నవాడు. ఇది నా చేతితో నేనే రాశాను. సిద్దప్ప.

కింద లక్క పోసి ముద్ర వేశాను. మూత మీద వేసిన ముద్రే.

అది మీ మేనేజరుకు ఇవ్వు. ఇచ్చే ముందు యాకూబ్‌కు చదివి వినిపించు. ఉండాలంటే అక్కడ ఉండనీ, పెద్ద కార్ఖానా, మంచి పని. రావాలంటే తాళంచెవి గద్దె మీదే ఉంది, నేను తీయలేదు. జగ్గయ్యకు రెండో తాళంచెవి ఇచ్చాను. రమ్మని మాత్రం నువ్వు చెప్పకు. ఆ మాట అతని నోటి నుంచే రావాలి.

సిద్దప్ప


సికింద్రాబాదు
19 సెప్టెంబరు 1940

పూజ్యులైన బావగారికి,

చదివి వినిపించాను. మళ్ళీ చదవమన్నాడు. కాగితం చేతిలోకి తీసుకుని లక్క మీద వేలు పెట్టి, "ఇది బెల్లం బస్తాల ముద్రనే కదా సాబ్" అన్నాడు. అవునన్నాను. మేనేజరు గారు పని ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నారని, ఇష్టమైతే రేపే చేరవచ్చని కూడా చెప్పాను. దాచలేదు.

మర్నాడు పొద్దున నా బల్ల దగ్గరికి వచ్చి, "కాకాకు మోకాళ్ళ నొప్పి ఎట్లుంది సాబ్?" అని అడిగాడు. తర్వాత, జహీరాబాదు బండి ఎన్ని గంటలకని అడిగాడు.

కాగితం మేనేజరు గారికి ఇవ్వలేదు. అతనే ఉంచుకున్నాడు.

సదాశివ


జహీరాబాదు
ఆశ్వయుజ శుద్ధ దశమి, పండుగనాడు

తమ్ముడు సదాశివకు,

మీ అక్క బాగుంది, నేను బాగున్నాను, కారు బాగుంది. ఈసారి ముగ్గురినీ కలిపి రాయగలుగుతున్నాను.

యాకూబ్ వచ్చాడు. స్టేషను నుంచి తిన్నగా అంగడికి వచ్చి, గద్దె మీది తాళంచెవి తీసుకుని, కారు చుట్టూ ఒకసారి తిరిగి, "కాకా, జగ్గయ్య తీగలన్ని ఉల్టా కట్టిండు" అన్నాడు. అంతకంటే మా మధ్య వేరే మాటలు కాలేదు. నేను రాసి పెట్టుకున్నవి రెండు మూడు ఉండె, చెప్పనవసరం రాలేదు. జగ్గయ్యను బెల్లం లారీకి పెట్టాను, సంతోషంగానే ఉన్నాడు.

మొన్న సోమవారం కారు కడిగాం. విభూతి గడ్డ తడిపి వేళ్ళకు రాసుకుని నిలబడ్డాను. ఎక్కడ పెట్టాలో తోచలేదు. ముందు బానెట్టు మీద వేళ్ళు ఆనించి, "ఇక్కడ పెట్టనా?" అని అడిగాను. అరవై రెండేళ్ళలో నా పూజకు నేను ఇంకొకరిని అడగడం ఇదే మొదలు.

యాకూబ్ దూరంగా నిలబడి తల వంచి చూశాడు.

"జర పైకి, కాకా" అన్నాడు. "ఆడ గాలి బొక్కలున్నయ్."

జర పైకి పెట్టాను. ఝరాసంగం దాకా ఎక్కడా ఆగలేదు. హారన్ ఇంకా మేకలాగానే అరుస్తోంది, దాన్ని అట్లాగే ఉండనీ.

సిద్దప్ప